జూలీ మేడ మెట్లు ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఉయ్యూరు దగ్గర పల్లె. మా లాబ్రడార్ జూలీకి తొమ్మిదేళ్లు నిండాయి. కిందటి చలికాలం నుంచి పొద్దున్నే లేవడానికి అవస్థ పడుతోంది. వెనక కాళ్లు బిగుసుకుపోయినట్టు నాలుగడుగులు వేసి, తర్వాత మామూలుగానే తిరుగుతుంది. మేడ మెట్లు ఎక్కడం మానేసింది. ఇదివరకు దివాన్ మీదికి ఒక్క దూకు దూకేది, ఇప్పుడు ముందు కాళ్లు పైన పెట్టి నా మొహం చూస్తుంది. పోయిన వారం మా మనవడు నడుం మీద చెయ్యేసి లేపబోతే గుర్రుమంది. ఇన్నేళ్లలో ఎవరి మీదా గుర్రుమన్నది లేదు. మావారు వయసైపోయింది ఏం చేస్తాం అంటున్నారు. తన మోకాళ్ల నొప్పుల మాత్ర సగం పెడదామన్నారు, నేనే వద్దన్నాను. మా అత్తగారు రోజూ నువ్వుల నూనె రాస్తున్నారు. కాలవలో ఈత కొట్టిస్తే మంచిదని ఎవరో చెప్పారు. బరువు 41 కిలోలు. అన్నం, పెరుగు, నెయ్యి తింటుంది. పొద్దునా సాయంత్రం మా టీ వేళకి నాలుగేసి మేరీ బిస్కెట్లు. అది నిజంగా బాధపడుతోందా? మేం ఏం చెయ్యాలి?
ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ఆ మాత్ర పెట్టకుండా ఆపారు చూడండి, అది చాలా మంచి పని. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను. ముందు మీరు అడిగినదానికి జవాబు: అవును, జూలీ బాధపడుతోంది. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే కీళ్ల అరుగుదల, అందరూ ఆర్థరైటిస్ అంటారే, అదే అయివుండటానికి ఎక్కువ అవకాశం ఉంది. చేత్తో పట్టి చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ వయసైపోయింది అన్న మాటతో మాత్రం వదిలెయ్యకండి. వయసు జబ్బు కాదు. వయసుతోపాటు వచ్చిన నొప్పికి వైద్యం ఉంది. ఇక దీని పని అయిపోయిందని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్న కుక్కలు నొప్పి తగ్గాక మళ్లీ గేటు దాకా ఎదురు రావడం ఎన్నోసార్లు చూశాను.

మనం పొరపడేది ఒక్క దగ్గరే. తోక తొక్కితే కుయ్యిమంటుంది కాబట్టి, నొప్పుంటే కుక్క అరుస్తుందనుకుంటాం. అది అప్పటికప్పుడు తగిలిన నొప్పి. నెలల తరబడి ఉండే నొప్పికి కుక్క అరవదు. చేసే పనులు ఒక్కొక్కటే మానుకుంటూ వస్తుంది. మొదట దూకడం, తర్వాత మెట్లు, తర్వాత వీధి చివరిదాకా నడక. తోక ఊపుతుంది, అన్నం తింటుంది, అందుకని మనకి అనుమానం రాదు.

నా ఇంట్లో జరిగిందే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు మోతీ అని ఆడకుక్క ఉండేది. నా బండి చప్పుడు సందు మలుపులో వినపడితే చాలు, గేటు దగ్గర సిద్ధం. ఒక ఏడాది గేటు దగ్గరికి రావడం మానేసి, వరండాలో పడుకునే తోక ఊపడం మొదలుపెట్టింది. పెద్దదయింది, బద్ధకం వచ్చిందనుకున్నాను. ఒకరోజు గోళ్లు కత్తిరిద్దామని కూర్చుని చూస్తే, వెనక ఎడమ కాలి గోళ్లు అరిగి మొద్దుబారి ఉన్నాయి, కుడి కాలివేమో పెరిగి వంకర తిరిగి ఉన్నాయి. అంటే కుడి కాలు నేల మీద గట్టిగా మోపడం లేదన్నమాట, ఎన్ని నెలల నుంచో. రెండు తొడలూ రెండు చేతులతో పట్టి చూశాను. ఎడమది నిండుగా ఉంది. కుడిది చర్మం కింద ఎముక చేతికి తెలిసేంత సన్నబడింది. రోజూ ఊళ్లోవాళ్ల కుక్కల కాళ్లు పట్టి చూసేదాన్ని, మా మోతీ కాలు పట్టి చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి ఇవాళ రాత్రి జూలీ నిదానంగా పడుకున్నప్పుడు ఆ పని మీరు చెయ్యండి. గోళ్లు చూడండి. వెనక నిలబడి రెండు తొడల లావూ చేత్తో పోల్చండి. నొక్కొద్దు, లాగొద్దు, ఊరికే పట్టి చూస్తే చాలు. ఏదైనా కీలు దగ్గర వెంట్రుకలు ఎర్రగా, తడితడిగా ఉన్నాయేమో చూడండి. నొప్పి ఉన్నచోట కుక్కలు నాకుతూనే ఉంటాయి. రేపు పొద్దున అది లేచేటప్పుడు, మొదటి పది అడుగులు వేసేటప్పుడు, మెట్ల ముందు నిలబడి ఆలోచిస్తున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఇది చాలా ముఖ్యం. ఆస్పత్రికి వచ్చిన కుక్క భయంతో, ఆ కొత్త వాసనల హడావిడిలో కుంటడం మర్చిపోతుంది. మీరేమో ఇంట్లో కుంటుతోందండీ అంటారు, డాక్టరు ముందు అది చక్కగా నడుస్తుంది. వీడియో ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

అసలు లోపల జరిగేదేమిటంటే, కీలులో రెండు ఎముకల చివర్లకీ నున్నటి మృదులాస్థి ఉంటుంది. అది అరిగి గరుకెక్కుతుంది, కీలు వాస్తుంది, చుట్టూ కొత్త ఎముక ముళ్లలా పెరుగుతుంది. పడుకుని లేచినప్పుడు కీలు బిగుసుకుని ఉంటుంది, నాలుగడుగులు వేశాక కాస్త వదులవుతుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే. మనుషుల్లో ఇది ఎక్కువగా ముసలితనంలో వస్తుంది. కుక్కల్లో చాలాసార్లు దీని వేరు చిన్నప్పుడే ఉంటుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి జాతుల్లో తుంటి కీలు పిల్లగా పెరిగే రోజుల్లోనే వదులుగా తయారయ్యే గుణం వంశపారంపర్యంగా వస్తుంది. దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. జూలీ చిన్నప్పుడు పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతేదా? గుర్తు చేసుకోండి. అలా అయితే ఈ కథ ఎనిమిదేళ్ల కిందటే మొదలైందన్నమాట.

అయితే కుంటే ప్రతి కుక్కకీ ఆర్థరైటిస్ అనుకోకూడదు. మన ప్రాంతంలో నేను మొదట అనుమానించేది పిడుదుల జ్వరాన్ని. కొన్నిచోట్ల వీటిని గోమార్లంటారు. పిడుదులు కుట్టి ఎర్లీకియా అనే క్రిమి ఒంట్లో చేరితే కీళ్లు నొప్పులు పుడతాయి. ఇవాళ ఈ కాలు, రేపు ఆ కాలు కుంటినట్టు ఉండొచ్చు. జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. ఇది రక్తపరీక్షలో తెలుస్తుంది, దీని మందు వేరు. లావుగా ఉన్న లాబ్రడార్ ఉన్నట్టుండి ఒక వెనక కాలు ఎత్తేసి, వేలి కొస మాత్రం ఆనిస్తే మోకాలి లిగమెంటు తెగిందేమో చూడాలి. పాదం మడత పడి వేళ్ల పైభాగం నేలకి రాసుకుంటున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా అది వెన్నుపూస వ్యవహారం, ఆ రోజే తీసుకెళ్లాలి. పెద్ద జాతి కుక్కకి ఒక్కచోటే ఎముక గట్టిగా ఉబ్బి నొప్పి పెరుగుతూ పోతుంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. ఇంట్లో కూర్చుని ఇవన్నీ తేల్చలేం, అందుకే ఒక్కసారి పూర్తి పరీక్ష తప్పదు.

మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడి ఆస్పత్రికి తీసుకెళ్లండి. తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్ వైపు పాఠకులకి అక్కడి పశువైద్య కళాశాలలు ఉన్నాయి. తుంటి ఎక్స్‌రే సరిగా రావాలంటే కాళ్లు చాపి పట్టుకోవాలి, నొప్పున్న కుక్క ఒప్పుకోదు, అందుకని కాస్త మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఎన్ని గంటల ముందు నుంచి తిండి ఆపాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎక్స్‌రేలో ఎముక ఎంత పాడయిందో చూసి బెంగపెట్టుకోకండి. ఫిల్మ్‌లో ఘోరంగా కనిపించే కీలుతో హాయిగా తిరిగే కుక్కలున్నాయి, పెద్దగా ఏమీ కనిపించకపోయినా బాగా నొప్పి పడేవీ ఉన్నాయి. వైద్యం కుక్కకి చేస్తాం, ఫిల్మ్‌కి కాదు.

ఇప్పుడు మాత్రల సంగతి. మీవారి మోకాళ్ల మాత్ర ఏదో మీరు రాయలేదు. సాధారణంగా అది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటిదే అవుతుంది. మనిషికి పనిచేసే మాత్ర సగం చేస్తే కుక్క మోతాదు అయిపోదు. కుక్క ఒంట్లో ఆ మందులు విరిగే తీరే వేరు. కడుపులో పుండ్లు పడి రక్తస్రావమవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువులు చచ్చిపోతే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై గుట్టలుగా చనిపోయాయి. అందుకే పశువైద్యంలో ఆ మందును మన దేశం 2006లో నిషేధించింది. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఆ జాబితాలో చేరాయి. పారసిటమాల్ కూడా సొంతంగా పెట్టొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఒక్క మాత్రతో దాని ప్రాణం పోతుంది.

కుక్కలకని పరీక్షించిన నొప్పి మందులు వేరే ఉన్నాయి. మెలాక్సికామ్, కార్‌ప్రొఫెన్, ఫిరోకాక్సిబ్ లాంటివి. మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలో మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో చూస్తారు. కొంతకాలం వాడాక మళ్లీ చూస్తారు. మాత్ర అన్నం తిన్నాకే పెట్టండి. వాంతి అయినా, తిండి మానేసినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా మాత్ర ఆపేసి డాక్టరుకి ఫోన్ చెయ్యండి. తగ్గింది కదా అని మీరే మోతాదు మార్చొద్దు, తగ్గలేదు కదా అని రెండోది వెయ్యొద్దు.

ఇంకొక్క మాట గట్టిగా చెబుతాను. కొన్నిచోట్ల కుంటుతున్న కుక్కకి పరీక్ష ఏమీ లేకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచి పంపేస్తారు. మర్నాటికి అది గెంతుతుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. వారానికి మళ్లీ మొదటికి వస్తుంది, మళ్లీ ఇంజెక్షన్. అలా పోతే ఆకలి పెరిగి బరువెక్కుతుంది, తొడ కండరాలు ఇంకా కరుగుతాయి. పైగా స్టెరాయిడ్ ఒంట్లో ఉండగా నొప్పి మాత్ర కూడా పడితే కడుపుకి చిల్లు పడే ప్రమాదం ఉంది. జూలీకి ఇదివరకు ఏ ఇంజెక్షన్ ఇచ్చినా, ఆ చీటీ పట్టుకుని వెళ్లండి.

మందు సరిగా కుదిరితే రెండు మూడు వారాల్లో మీకే తెలుస్తుంది. చాలామంది అప్పుడు వచ్చి, ఇది ఇంత బాధ పడుతోందని మాకు తెలియలేదండీ అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

అయితే అమ్మా, జూలీ విషయంలో మాత్రలకంటే పెద్ద మందు మీ వంటింట్లో ఉంది. 41 కిలోలంటే ఆడ లాబ్రడార్‌కి చాలా ఎక్కువ. ఎముక చట్రాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, 30, 32 దగ్గర ఉండాల్సిన కుక్క. ఆ పైన ఉన్న తొమ్మిది పది కిలోలూ ప్రతి అడుగుకీ ఆ అరిగిన తుంటి మీదే పడుతున్నాయి. అంతేకాదు, కొవ్వు ఊరికే కూర్చోదు, ఒంట్లో వాపును పెంచే పదార్థాల్ని తయారుచేస్తూ ఉంటుంది. అమెరికాలో 48 లాబ్రడార్ల మీద వాటి జీవితాంతం ఒక అధ్యయనం చేశారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని జతలు చేసి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటికి కీళ్ల జబ్బు బాగా ఆలస్యంగా వచ్చింది. దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి కూడా. ఇప్పటికే కుంటే బొద్దు కుక్కల్లో బరువు ఆరు శాతం తగ్గేసరికే నడక మెరుగుపడిందని మరో పరిశీలన. జూలీకి ఆరు శాతం అంటే రెండున్నర కిలోలు. అంతే.

లెక్క చూద్దాం. 32 కిలోల బరువుకి దించాలనుకునే కుక్కకి రోజుకి సుమారు 950 కేలరీలు చాలు. ఒక మేరీ బిస్కెట్ దగ్గర దగ్గర 25 కేలరీలు. ఎనిమిది బిస్కెట్లంటే 200. పెద్ద చెంచాడు నెయ్యి ఇంకో 120. అన్నం గిన్నె ముందుకి రాకముందే మూడో వంతు అయిపోయింది! బిస్కెట్లు, నెయ్యి ఇవాళే ఆపండి. టీ వేళకి అలవాటుగా వచ్చి కూర్చుంటే క్యారెట్ ముక్కో, దోసకాయ ముక్కో పెట్టండి. దానికి కావలసింది మీ చేతి నుంచి అందుకోవడం. అన్నం సగానికి తగ్గించి, ఆ చోట ఉడికించిన సొరకాయ, బీన్స్, గుమ్మడికాయ వెయ్యండి. కండ కరగకుండా ఎముకల్లేని చికెనో, గుడ్డో ఉండాలి, ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి విషం. ఒకేసారి కడుపు మాడ్చొద్దు. వారానికి అరకిలో చొప్పున తగ్గితే చాలు, అయిదు నెలలు పట్టనివ్వండి. పదిహేను రోజులకోసారి బియ్యం కొట్టు కాటా మీద నిలబెట్టి తూకం రాసి పెట్టుకోండి.

అది జాలిగా చూస్తుంది, మీ అత్తగారికి మనసు ఆగదు, నాకు తెలుసు. ఆవిడకి ఒక సంగతి చెప్పండి. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకి ఒక జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ లోపం ఉన్న కుక్కకి తిన్నా తృప్తి సరిగా తెలియదు. కాబట్టి ఆ చూపుని ఆకలి కింద లెక్కవేయకండి. ఇంకో ఉపాయం, రోజు తిండంతా పొద్దున్నే ఒక గిన్నెలో తీసి పెట్టండి. ఇంట్లో ఎవరు ఏం పెట్టాలన్నా ఆ గిన్నెలోంచే పెట్టాలి. అది ఖాళీ అయితే ఆ రోజుకి అంతే.

రెండో మందు మీ నేల. ఇల్లు కొత్తగా కట్టించి ఉంటే టైల్సో గ్రానైటో వేయించే ఉంటారు. మనకి అందంగా ఉంటుంది, నొప్పి కాళ్ల కుక్కకి అది పాకుడు పట్టిన రేవులాంటిది. లేవబోతుంటే వెనక కాళ్లు రెండూ చెరో పక్కకీ జారిపోతాయి. ఒకసారి జారితే ఆ కుక్క లేవడానికే భయపడుతుంది. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వీధి గుమ్మం దాకా దారిలా కొబ్బరిపీచు పట్టాలో, రబ్బరు మ్యాట్లో పరవండి. కింద జారకుండా అంటించండి. అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి, గోళ్లు పొట్టిగా ఉంచండి. ఇంత చిన్న పనికి ఒక్క రోజులో వచ్చే మార్పు ఏ మాత్రకీ రాదు.

మెత్తటి పరుపు వెయ్యమని అందరూ చెబుతారు. మన ఎండలకి లాబ్రడార్ మందపాటి పరుపు వదిలేసి చల్లటి నేల వెతుక్కుంటుంది. అందుకని ఫ్యాను గాలి తగిలే చోట పాత దూది బొంత, పైన పలచటి నూలు దుప్పటి వేసి చూడండి. చలికాలం తెల్లవారుజామున మాత్రం పైన ఏదైనా కప్పాలి. దివాన్ ముందు గట్టి చెక్క పలక వాలుగా వేసి గోనెసంచి బిగించండి. మెట్లు ఎక్కించాల్సి వస్తే పొట్ట కింద, తొడల ముందు నుంచి తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే బరువు మీ చేతికి వస్తుంది.

నడక మానిపించకండి. మూలన కూర్చుంటే కండరం కరిగి కీలు ఇంకా వదులవుతుంది. రోజుకి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు, నిదానంగా, మట్టిదారిలో. ఆదివారం ఒక్కరోజే గంటసేపు తిప్పడం వద్దు. బంతి విసిరి తెమ్మనడం పూర్తిగా ఆపేయండి, ఆ ఒక్కసారిగా ఆగడం, తిరగడమే కీలుని నలిపేస్తుంది. కాలవలో ఈత వద్దు. నీళ్లలో బరువు తేలిపోతుంది కాబట్టి ఈత మంచిదే, ఆ చెప్పినవారి మాట తప్పు కాదు. కానీ కాలవ ప్రవాహం, పాకుడు మెట్లు, పైకి ఎక్కడానికి పడే గింజులాట దానికి ప్రమాదం. వాలుగా దిగే నిలవ నీళ్ల చెరువు ఎవరి పొలంలోనైనా ఉంటే, తాడు చేత్తో పట్టుకుని పొట్ట దాకా నీళ్లలో అయిదు నిమిషాలు నడిపించండి. నీళ్లలో నడక కండరాలకి చాలా మంచిది.

నువ్వుల నూనె కీలు దాకా దిగదు, చాలావరకు జూలీ నాకి మింగేస్తుంది, అదీ కొవ్వే. అయితే మీ అత్తగారి చేతి స్పర్శ మాత్రం పోనివ్వకండి. నూనె బదులు, గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు తుంటి మీద పది నిమిషాలు ఉంచి, తొడ కండరాన్ని నెమ్మదిగా నిమరమనండి. వేడి ముందు ఆవిడ మోచేతికి తగిలించి చూసుకోవాలి. తలనొప్పి బామ్‌లు, కర్పూరం కలిపిన నూనెలు అసలు రాయొద్దు, నాకితే విషం. చేపనూనె కొంతవరకు పనిచేస్తుంది, డాక్టరు మోతాదు చెబుతారు. కాడ్ లివర్ ఆయిల్, అంటే చేప కాలేయం నుంచి తీసిన నూనె వేరు, అది వద్దు. కీళ్లకి మంచివని అమ్మే గ్లూకోసమైన్ పొడులు పనిచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు. డబ్బు తక్కువగా ఉంటే ముందు రక్తపరీక్షకి, మ్యాట్లకి ఖర్చు పెట్టండి.

ఇక మీ మనవడు. జూలీ వాడి మీద కోపంతో గుర్రుమనలేదు, అక్కడ ముట్టుకోవద్దని చెప్పింది. ఆ గుర్రుమన్నందుకు దాన్ని కొట్టడం, తిట్టడం చెయ్యకండి. హెచ్చరిక మానేస్తే తర్వాతిసారి నేరుగా కరుస్తుంది. వైద్యం మొదలై నొప్పి తగ్గేదాకా వాణ్ని జూలీతో ఒంటరిగా వదలొద్దు. పడుకున్నప్పుడు దగ్గరికి వెళ్లొద్దని, నడుం మీద చెయ్యి వెయ్యొద్దని, కావాలంటే దూరం నుంచి పేరు పెట్టి పిలవమని చెప్పండి. అది లేచి తనంతట తాను వస్తే మెడ కింద గోకొచ్చు. సాయంత్రం క్యారెట్ ముక్క పెట్టే పని వాడికి అప్పగించండి, మీరు పక్కన కూర్చోండి. నెల తిరిగాక జూలీ తూకం, పొద్దున లేచే వీడియో చూసుకుని ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.